పిల్లాడికి గజ్జ హెర్నియా ఆపరేషన్ చేయిస్తున్నారా

ఏడ్చినప్పుడో, ముక్కినప్పుడో గజ్జలో ఉబ్బి, పడుకోబెడితే లోపలికి పోయే బుడిపె దానంతటది తగ్గదు. కడుపులోంచి వృషణం కిందికి దిగే దారి పుట్టేనాటికి మూసుకుపోవాలి. అది తెరిచి ఉండిపోతే పేగు జారి వస్తుంది. బొడ్డు దగ్గర ఉబ్బు అయితే నాలుగైదేళ్లకు చాలామందిలో సర్దుకుంటుంది. దానికి రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టడం వల్ల చర్మం ఒరుసుకుపోవడమే తప్ప ఒరిగేదేమీ లేదు. వరిబీజంలో నీరు మాత్రమే ఉంటే ఏడాది, రెండేళ్లు ఆగి చూస్తారు. గజ్జ హెర్నియాకు మాత్రం ఆపరేషనే దారి. ఆడపిల్లల్లోనూ వస్తుంది, వాళ్లలో ఒక్కోసారి అండాశయం జారుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి బుడిపె కనబడదు, ఇది మామూలే. పిల్లాడు ఏడుస్తున్నప్పుడు, నిలబడి ఉన్నప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కుడివైపా ఎడమవైపా అన్నది తెలిసేలా బొడ్డు కూడా అందులో పడాలి. ఆపరేషన్ రోజు సంతకం పెట్టే కాగితంలో అదే వైపు రాశారా, పెన్నుతో గుర్తు అటే పెట్టారా అని మీ కళ్ళతో చూడండి. అడిగితే డాక్టర్లేమీ అనుకోరు.

బెజవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ప్రైవేటు ఆస్పత్రులకు కొదవ లేదు. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి (జీజీహెచ్)లో, మంగళగిరి ఎయిమ్స్‌లో పిల్లల సర్జరీ విభాగాలున్నాయి. పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టరు ఉన్నారా అన్నదే ముందు అడగాల్సిన మాట, గది ఏసీదా కాదా అన్నది తర్వాత. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయించాలనుకుంటే తేదీ ఖాయం చేసుకోకముందే ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను కలవండి. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లండి. కార్డులో పిల్లాడి పేరు ఇంకా ఎక్కకపోతే జనన ధ్రువపత్రం వెంట ఉంచుకోండి.

మత్తు డాక్టరు అడిగేవాటికి ఉన్నదున్నట్టు చెప్పాలి: నెలలు నిండకుండా పుట్టాడా, పిల్లికూతలు వస్తాయా, దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగుతుందా, ఊగే పన్ను ఉందా, ఈ వారంలో టీకా ఏమైనా వేయించారా, ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చిందా. బరువు అదే రోజు తూయించండి, ప్రతి మందూ దాని లెక్కే. జలుబు సంగతి దాచకండి. జ్వరం, పచ్చటి చీమిడి, కఫం దగ్గు ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు వాయిదా వేయడమే మంచిది. గొంతు, శ్వాసనాళం రేగి ఉన్నప్పుడు మత్తిస్తే ఊపిరి పట్టేయవచ్చు. సెలవు పెట్టేశాం కదా అని లోపలికి పంపకండి.

ఈలోగా బుడిపె గట్టిపడి, లోపలికి పోకుండా, పిల్లాడు ఆగకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటే అది అర్జంటు. ఏమీ తినిపించకుండా, అర్ధరాత్రయినా సర్జన్ ఉండే ఆస్పత్రికే వెళ్లాలి. బలవంతంగా నొక్కి లోపలికి తోయకండి.

ఇక కడుపు ఖాళీగా ఉంచడం. ఆపరేషన్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఉదయం 8 గంటలకు మత్తు అనుకుంటే అన్నం, బిస్కెట్, గేదెపాలు, డబ్బాపాలు, మజ్జిగ తెల్లవారుజామున 2 వరకే. తల్లిపాలు 4 వరకు. మంచినీళ్లు, గ్లూకోజు నీళ్లు 6 వరకు. బిర్యానీ లాంటి నూనె తిండి అరగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, ముందురోజు రాత్రి పెట్టకండి. మీ ఆస్పత్రి చెప్పిన వేళ వేరేగా ఉంటే అదే పాటించండి. మత్తులో దగ్గే శక్తి ఉండదు, పొట్టలో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 'పసివాడు, ఒక్క మారీ బిస్కెట్టేగా' అని నాయనమ్మ చాటుగా పెట్టే ముక్కతోనే ఆ రోజు కార్యక్రమం రద్దవుతుంది. పెట్టేశాక చెప్పకపోవడం అంతకంటే ప్రమాదం. అందుకే బిస్కెట్లు, చాక్లెట్లు రాత్రే అటక ఎక్కించండి, ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా వేళలు చెప్పండి. రాత్రంతా ఖాళీగా ఉంచడమూ తప్పే. 6 గంటలకు లేపి రెండు గుక్కల నీళ్లు పట్టించండి. వరసలో మొదటి నంబరు అడగండి. ఆలస్యమైతే మళ్లీ నీళ్లు ఇవ్వచ్చా అని నర్సును కనుక్కోండి.

గుంటూరు నుంచి బెజవాడ 35 కిలోమీటర్లే, కానీ పొద్దున కృష్ణ మీది వారధి దగ్గర ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది. గంటన్నర చేతిలో ఉంచుకోండి.

మొలతాడు, దిష్టితాడు, వెండి కడియాలు ఇంట్లోనే తీసేయండి. రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరంతో లోహం దగ్గర కాలే ప్రమాదం ఉంది, పైగా మొలతాడు సరిగ్గా కోత పడేచోటే ఒరుసుకుంటుంది. గోళ్ళ రంగు తుడిచేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చదవదు. మూడేళ్లు దాటిన పిల్లలకు ముందురోజే చెప్పండి: 'డాక్టరు నిద్రపుచ్చి బుడిపె సరిచేస్తారు, లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది.' సూదే ఉండదని అబద్ధం చెబితే మరోసారి మీ మాట నమ్మడు.

మాస్కుతో మత్తిస్తే కళ్ళు పైకి తిరగడం, కాళ్లు కొట్టుకోవడం, గురక రావడం కొద్ది సెకన్లలోనే జరుగుతాయి. చూడ్డానికి భయం వేస్తుంది గానీ అది మత్తు పడే తీరే. లేచేటప్పుడు 15–30 నిమిషాలు అమ్మనే గుర్తుపట్టనట్టు అరిచి గింజుకునే పిల్లలున్నారు. అది నొప్పే కావాలని లేదు, మెదడు సగం నిద్రలో ఉంటుంది. ఫోన్‌లో పాటలు పెట్టి ఊదరగొట్టకుండా, లైటు తగ్గించి, సెలైన్ ఉన్న చెయ్యి పట్టుకుని మెల్లగా మాట్లాడండి. సాధారణంగా సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. నెలలు తక్కువగా పుట్టిన పసికందును మాత్రం ఆ రాత్రి ఉంచుతారు, ఊపిరి మధ్యలో ఆగే అవకాశం ఉంటుంది కనక.

నడుము కింద వెన్ను దగ్గర నొప్పి మందు ఇచ్చి ఉంటే నాలుగైదు గంటలు కాళ్లు తూలుతాయి, నిలబెట్టకండి. ఆ మందు దిగిపోకముందే మొదటి పారాసిటమాల్ డోసు పడాలి. నొప్పి ముదిరాక ఇస్తే అదుపులోకి రావడం కష్టం. లెక్క కిలోకు 15 మిల్లీగ్రాములు, 6 గంటలకోసారి, రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. 12 కిలోల పిల్లాడికి 180 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 120 అని ఉంటే 7.5 మిల్లీలీటర్లు, 250 అని ఉంటే సుమారు 3.5. డ్రాప్స్ సీసా ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు, అంటే 1.8 చాలు. సిరప్ అనుకుని డ్రాప్స్ 7.5 పోస్తే నాలుగు రెట్లు పడుతుంది. అందుకే సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవండి, టీస్పూన్‌తో కాకుండా సిరంజితో కొలవండి. జలుబు సిరప్‌లోనూ పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలపకండి.

రెండు రోజులు తడిగుడ్డతో తుడిస్తే చాలు. మే నెల చెమటకు కట్టు ఊడిపోతుంది, కోత మీద పౌడర్, పసుపు, కొబ్బరినూనె వేయకండి. డైపర్ కోతకు కిందుగా కట్టి త్వరత్వరగా మార్చండి. వృషణం వాచి నీలంగా కనబడటం వారం, రెండు వారాలు ఉండొచ్చు. చంకన కాళ్లు చాపి ఎక్కించుకుంటే కోత నొక్కుకుంటుంది, పక్కగా ఎత్తుకోండి. బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టకండి, మూడు చక్రాల సైకిలు మూడు వారాలు దాచేయండి. పప్పు తింటే చీము పడుతుందన్నది వట్టి మాట. అన్నీ పెట్టండి, నీళ్లూ పళ్ళూ కాస్త ఎక్కువ ఇవ్వండి, మలబద్ధకంతో ముక్కితే నొప్పి పెరుగుతుంది.

100.4 దాటిన జ్వరం, పాకుతున్న ఎరుపు, చీము, కట్టు తడిసేలా రక్తం, ఆగని వాంతులు, 8 గంటలైనా మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనబడినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి. రివ్యూలో వృషణం తన చోటే ఉందా అని చూపించుకోండి. రెండో వైపు తర్వాత ఎప్పుడైనా ఉబ్బు కనిపించొచ్చు, కనిపిస్తే మళ్లీ బొడ్డు కూడా పడేలా ఫొటో తీయండి.