క్లెయిమ్ డబ్బులు ఆగకుండా చిన్న ఆసుపత్రులు ఏం చేయాలి?

శ్రీకాకుళంలో ముప్పై పడకల ఆసుపత్రిలో బిల్లింగ్ చూస్తాను. ఆరోగ్యశ్రీ మనకి కొత్త కాదు, 2007లో పథకం మొదలైన తొలి మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ, పరిమితి 25 లక్షలు. అందులో మొదటి రెండున్నర లక్షలు బీమా కంపెనీల ద్వారా ఇచ్చే పద్ధతికి 2025లో కేబినెట్ ఒప్పుకుంది. ఇలా రూల్ మారినప్పుడల్లా చిన్న ఆసుపత్రికి మొదట తగిలే దెబ్బ జీతాల రోజునే తెలుస్తుంది.

అందుకే సర్క్యులర్ వాట్సాప్‌లో వచ్చిందని చూసి వదిలేయకండి. ప్రింట్ తీసి, కొత్త రేటు ఏ తేదీ నుంచో, అది అడ్మిషన్ తేదీకి వర్తిస్తుందో డిశ్చార్జ్ తేదీకో చదివి, మెడ్కో (ఆసుపత్రిలో పథకం కేసులు చూసే డాక్టరు) టేబుల్ మీద అంటించండి. సగం డిడక్షన్లు, అంటే క్లెయిమ్‌లో పడే కోతలు, ఇక్కడే పుడతాయని నా నమ్మకం.

రెండోది, క్లెయిమ్ పని డిశ్చార్జ్ రోజు మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. తుంటి ఎముక విరిగిన ఒక ముసలమ్మకి ఆపరేషన్ చేశాం, అంతా బాగానే జరిగింది, కానీ మేం అప్‌లోడ్ చేసిన ఎక్స్‌రే ఫొటోలో తేదీ మసకబారి కనబడలేదు. దాని మీద క్వెరీ (వివరణ అడుగుతూ ప్రశ్న) వచ్చేసరికి ఫిల్మ్ ఆవిడతోపాటు పలాస దాటి ఊరికి వెళ్లిపోయింది. మా వార్డ్ బాయ్ బస్సెక్కి వెళ్తే, ఆవిడ ఆ కవర్‌ని బియ్యం డబ్బా వెనకాల భద్రంగా దాచి ఉంచారు. మళ్లీ ఫొటో తీసి పంపాం, డబ్బు మాత్రం నెలల తర్వాత పడింది. అప్పటినుంచి ఫిల్మ్ ఎక్స్‌రే గది దాటకముందే పేరు, తేదీ, కుడో ఎడమో స్పష్టంగా కనబడేలా ఫొటో తీస్తున్నాం. మీరూ అలాగే చేయండి. కేస్ షీట్‌లో డాక్టరుగారి సంతకం, టైమూ ఏ రోజుకారోజు పడాలి.

ప్రైవేటు బీమా పేషెంట్లయితే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన రూల్ గుర్తుంచుకోండి. క్యాష్‌లెస్ అనుమతి గంటలో రావాలి, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో రావాలి. వాళ్లు ఆలస్యం చేస్తే పెరిగిన ఖర్చు కంపెనీదే, దాన్ని పేషెంట్ నెత్తిన వేయొద్దు. రిక్వెస్ట్ పంపిన టైమ్ స్క్రీన్‌షాట్ తీసి దాచండి, రేపు మాట్లాడేది అదే.

డబ్బు పడ్డాక యూటీఆర్ నంబరుతో (బ్యాంకు ప్రతి చెల్లింపుకీ ఇచ్చే నంబరు) క్లెయిమ్ పక్కన రాసుకోండి. 50,000 పాసైతే పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పోగా 45,000 వస్తుంది, మిగతా ఐదు వేలు మీ పేరున జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో కనబడుతున్నాయో లేదో ఆడిటర్‌గారిని అడగండి. చాలామంది దాన్ని కూడా డిడక్షన్ అనుకుని వదిలేస్తున్నారు, అది మీ డబ్బే.

బకాయి ఎంత ఉన్నా పథకం పేషెంట్ దగ్గర ప్యాకేజీలో ఉన్నదానికి విడిగా తీసుకోవద్దు. సాలూరు నుంచో కవిటి నుంచో బస్సు ఛార్జీలు అప్పు తెచ్చుకుని వచ్చినవాళ్లు వాళ్లు. మందుల సరఫరాదారుకి ముందే ఫోన్ చేసి గడువు అడగండి, రెండు మూడు నెలల ఖర్చుకి ఓవర్‌డ్రాఫ్ట్ పెట్టుకోండి. ప్రతి శనివారం మెడ్కో, బిల్లింగ్, డాక్టరుగారు అరగంట కూర్చుని 30 రోజులు దాటిన క్లెయిమ్‌లు ఒక్కొక్కటీ తెరిచి చూడండి.