ఎంజీబీ ఇంజన్ మీద ఆ గుండ్రటి డబ్బా ఏంటి? పీకేసే ముందు ఇది చదవండి

పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బానెట్ ఎత్తితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు పోయే గొట్టాలు) మీద పుట్టగొడుగులా ఒక లోహపు డబ్బా కనిపిస్తుంది, దాని నుంచి ఒక లావుపాటి రబ్బరు హోస్ ఇంజన్ పక్కకు దిగిపోతుంది. చాలామంది చేసే మొదటి పని దాన్ని పీకేసి ఆ రంధ్రానికి బోల్టు బిగించేయడం. బండి అప్పటికి బాగానే నడుస్తుంది, ఆ తర్వాత కొన్నాళ్లకు కింద ఆయిల్ మరకలు మొదలవుతాయి, అప్పుడు ఈ డబ్బా సంగతి ఎవరికీ గుర్తుండదు.

ముందు అదేంటో తేల్చుకోండి

డబ్బాను చూస్తూ కూర్చుంటే తెలియదు, హోస్ రెండో చివర ఎక్కడికి పోతోందో చేత్తో తడుముకుంటూ వెళ్లాలి. మానిఫోల్డ్‌ల కింద ఇంజన్ పక్కన రెండు మూతలు (టాపెట్ కవర్లు) ఉంటాయి, వాటిలో ముందుదానికి ఉన్న చిన్న డబ్బాలోకి హోస్ పోతే ఇది పీసీవీ వాల్వ్, అంటే క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ అడుగు భాగంలో) పేరుకునే పొగను ఇంజన్ చేతే పీల్పించి కాల్పించేది. పెద్ద గుండ్రటి డ్రమ్ముకు పోతే అది బ్రేక్ సర్వో (బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసేది) లైను, దాని జోలికి పోకండి. బెల్టుతో తిరిగే ఎయిర్ పంపు దగ్గరికి పోయి, పక్కన ఇంకో సన్న గొట్టం కూడా ఉంటే అది గల్ప్ వాల్వ్, అమెరికాకు వెళ్లిన 1968 తర్వాతి బండ్లలో కనిపిస్తుంది.

స్పార్క్ ప్లగ్‌ల వైపు బ్లాక్ మీదున్న ఇంజన్ నంబర్ ప్లేటు కూడా చూడండి. 1962లో వచ్చిన మొదటి 18జీ ఇంజన్లకు ఈ పీసీవీ వాల్వ్ లేదు, 1964లో 18జీఏతో వచ్చింది. తర్వాతి కాలంలో దీన్ని తీసేసి టాపెట్ కవర్ హోస్‌ను వై ఆకారపు ముక్కతో నేరుగా రెండు ఎస్‌యూ కార్బురేటర్లకే కలిపారు. కానీ ఇన్నేళ్లలో మానిఫోల్డ్‌లు ఎన్ని చేతులు మారాయో ఎవరికి తెలుసు, అందుకే నంబర్ కంటే నేను హోస్‌నే నమ్ముతాను.

ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి స్పీడు) ఎక్కువగా ఉంది, స్క్రూ ఎంత తిప్పినా దిగట్లేదు, బుస్సుమని చప్పుడు

డబ్బా లోపల రబ్బరు డయాఫ్రం (పలచటి పొర) చిరిగింది. మూత మీదున్న చిన్న రంధ్రం గుండా గాలి నేరుగా మానిఫోల్డ్‌లోకి పోతోంది, మిక్స్చర్‌లో గాలి ఎక్కువై పలచబడుతోంది. ఒక రబ్బరు గొట్టం ముక్క చెవి దగ్గర పెట్టుకుని రెండో చివర డబ్బా చుట్టూ తిప్పండి, ఎక్కడ కారుతోందో ఇట్టే తెలిసిపోతుంది (ఫ్యాన్‌కు దూరంగా ఉండండి). తర్వాత టాపెట్ కవర్ హోస్‌ను నొక్కి పట్టండి, అప్పటికీ బుసకొడుతూనే ఉంటే తప్పు వాల్వ్‌దే. డయాఫ్రం మార్చాలి, గమ్ము పెట్టి అతికించడం దండగ.

సీళ్ల దగ్గర ఆయిల్ కారుతోంది, డిప్‌స్టిక్ దగ్గర కూడా చెమర్చుతోంది

క్రాంక్‌కేస్‌కు ఊపిరాడట్లేదు. సీళ్లు మార్చడానికి ఇంజన్ దించే ముందు ఈ పరీక్ష చేయండి, ఖర్చు లేదు. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తీయండి. వాల్వ్ బాగుంటే స్పీడు సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, చెవికే తెలుస్తుంది. ఏ మార్పూ లేకపోతే వాల్వ్ విప్పాల్సిందే.

విప్పడం తేలికే: పైన ఉన్న తీగ క్లిప్పు పక్కకు నెడితే మూత వస్తుంది, దాని కింద డయాఫ్రం, మీటరింగ్ వాల్వ్, స్ప్రింగ్ వరసగా ఉంటాయి, స్ప్రింగ్ ఎగిరిపోకుండా చూసుకోండి. నల్లటి జిగురంతా పెట్రోలుతో కడగండి, కానీ డయాఫ్రంకు పెట్రోలు తగలనివ్వకండి, దానికి సబ్బు నీళ్లో స్పిరిటో చాలు. మళ్లీ బిగించేటప్పుడు మీటరింగ్ వాల్వ్ సూది అడుగున ఉన్న ప్లస్ ఆకారపు గైడ్‌లోకి దిగాలి, డయాఫ్రం అంచు చుట్టూ సమానంగా కూర్చోవాలి. సూది ఒరిగితే మూత పడుతుంది గానీ వాల్వ్ పనిచేయదు, చాలాసార్లు "కొత్త కిట్ వేసినా లాభం లేదు" అనేవాళ్ల గోల ఇదే.

ప్లగ్‌లు ఆయిల్ పట్టాయి, పొగ నీలంగా ఉంది

పిస్టన్ రింగులు అరిగిపోయాయేమోనని టెన్షన్ పడకముందు రెండు చూడండి. ఒకటి, వాల్వ్ తెరుచుకునే ఉండిపోయి ఆయిల్‌ను కూడా లాగేస్తుండొచ్చు. రెండు, ఆయిల్ మూత. ఈ వాల్వ్ ఉన్న ఇంజన్‌కు గాలి ఆడే మూతే ఉండాలి, లోపలికి వచ్చే తాజా గాలికి అదే దారి, అందులో ఫిల్టర్ ఉంటుంది, అది మూసుకుపోతే మూత మార్చడమే. అందంగా ఉందని గాలి ఆడని క్రోమ్ మూత పెడితే క్రాంక్‌కేస్‌లో వాక్యూమ్ పెరిగిపోతుంది. బొగ్గు క్యానిస్టర్ (పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే డబ్బా) ఉన్న తర్వాతి బండ్లలో మాత్రం తాజా గాలి రాకర్ కవర్ (ఇంజన్ పైమూత) గొట్టం నుంచి వస్తుంది కాబట్టి అక్కడ గాలి ఆడని మూతే సరైనది.

ఈ రెండూ బాగుంటే అప్పుడు కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూడండి.

యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో ఢాం ఢాం

ఎయిర్ పంపు ఉన్న బండయితే గల్ప్ వాల్వ్‌ను అనుమానించాలి. కాలు తీసిన క్షణంలో మానిఫోల్డ్‌లోకి కాస్త గాలి వదిలి మిక్స్చర్ పలచబరచడమే దాని పని, ఆ పని మానేస్తే కాలని పెట్రోలు సైలెన్సర్‌లో పేలుతుంది. ముందు సన్న గొట్టం పగిలిందేమో చూడండి, అది మారిస్తే సరిపోవచ్చు. పంపు ఎప్పుడో తీసేసి ఉంటే గల్ప్ వాల్వ్‌తో ఇక పని లేదు, మానిఫోల్డ్ దగ్గర దాని రంధ్రాన్ని గట్టిగా మూసేయొచ్చు, సిలిండర్ హెడ్ మీద గాలి పైపులు పోయిన 4 రంధ్రాలు కూడా బిగువుగా మూసి ఉన్నాయో లేదో చూసుకోండి.