అంతరిక్ష కేంద్రంలో అలారం మోగితే: సమస్య, కారణం, పరిష్కారం

గుంటూరులో మిర్చి టిక్కీలు (బస్తాలు) దాచే కోల్డ్ స్టోరేజీల వాళ్ళకి అమ్మోనియా గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఘాటు తగిలిందా, ముందు బయటికి పరుగు. ఏ వాల్వు కారిందో తర్వాత చూస్తారు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ అమ్మోనియా ఉంది. పరుగెత్తడానికి బయటే లేదు.

నీళ్ళ పైపులో, గదిలో పీడనం పెరుగుతోంది

కారణం: అమెరికా విభాగంలో వేడిని లాగడానికి లోపల నీళ్ళు, బయట అమ్మోనియా తిరుగుతాయి. వేడి చేతులు మారే హీట్ ఎక్స్ఛేంజర్‌లో చిల్లు పడితే అమ్మోనియా నీళ్ళలోకి, అక్కణ్ణించి గదిలోకి వచ్చేస్తుంది.

పరిష్కారం: మాస్కు తగిలించుకుని రష్యా విభాగంలోకి వెళ్ళి హ్యాచ్ (గాలి చొరబడని తలుపు) మూసెయ్యాలి. అక్కడ అమ్మోనియా వాడరు. 2015 జనవరి 14న ఆరుగురూ అదే చేశారు. తీరా చూస్తే లీకే లేదు, ఒక కంప్యూటర్ కార్డు మొరాయించింది. అయినా వాళ్ళు చేసిందే రైటు. కార్డు సంగతి తలుపు మూశాక కూడా తేల్చుకోవచ్చు.

గాలి ఒత్తిడి పడిపోతోంది

చెవులు దిబ్బడ వేసేంత వేగంగా పడిపోతే పెద్ద చిల్లే. 1997 జూన్ 25న సరుకుల నౌక ప్రోగ్రెస్ వచ్చి రష్యా పాత అంతరిక్ష కేంద్రం మీర్‌లోని స్పెక్టర్ మాడ్యూల్‌ని (కేంద్రంలో ఒక గదిలాంటి భాగం) గుద్దింది. స్పెక్టర్ తలుపు మూద్దామంటే గుమ్మంలోంచి కేబుళ్ళు! వ్యోమగాములు లజుత్కిన్, మైకేల్ ఫోల్ వాటిని ఊడదీసి, రానివాటిని కోసి, మూత బిగించారు. ప్రాణాలు దక్కాయి. స్పెక్టర్ సోలార్ పలకల కరెంటు మాత్రం పోయింది. గుమ్మానికి అడ్డంగా వైర్లు లాగే అలవాటు ఎక్కడైనా ప్రమాదమే, మన షెడ్లలోనైనా.

నెమ్మదిగా తగ్గుతుంటే పాత లోహంలో సన్న పగులు అనుకోవాలి. ఒక్కో మాడ్యూల్ తలుపు మూసి, ఎక్కడ ఒత్తిడి తగ్గుతోందో చూస్తారు. 2020 అక్టోబరులో అంతర్జాతీయ కేంద్రంలోని రష్యా మాడ్యూల్ జ్వెజ్దా చివరి గదిలో టీ సంచి చింపి ఆకులు వదిలి, తలుపేసి, కెమెరా పెట్టారు. బరువులేని చోట ఆకులు తేలుతూ పగులు వైపు పోయాయి. అక్కడ టేపు అంటించారు. అది తాత్కాలికమే, ఆ గదిలో లీకులు తర్వాతా కొనసాగాయి.

పొగ

అక్కడ పొగ పైకి లేవదు, ఫ్యాను గాలి ఎటుంటే అటే. మొదట ఫ్యాన్లు, కరెంటు ఆపాలి, మాస్కు పెట్టుకోవాలి, ఆ తర్వాతే ఆర్పే సిలిండరు. 1997 ఫిబ్రవరి 23న మీర్‌లో ఆక్సిజన్ ఇచ్చే రసాయన గొట్టం అంటుకున్నప్పుడు, తిరిగి రావడానికున్న రెండు సోయజ్ నౌకల్లో ఒకదాని దారికి మంటే అడ్డం నిలిచింది. లోపలున్నది ఆరుగురు, ఒక్కో నౌకలో సీట్లు మూడే. కాబట్టి ఆర్పడం తప్ప వేరే దారి లేదు, ఆర్పారు.