నుమాయిష్ రోజుల్లో జంటగా హైదరాబాద్ వెళ్తున్నారా? ముందే చూసుకోవాల్సినవి

ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ నడుస్తుంది. ఎండ బాధ లేకుండా పాతబస్తీ తిరగొచ్చు, షాపింగ్ కూడా చాలావరకు ఒక్కచోటే అయిపోతుంది. ఆలుమగలిద్దరూ తక్కువ ఖర్చులో రెండు రోజులు వెళ్లిరావడానికి మంచి సమయం. తేదీ, దిగే స్టేషను, లాడ్జి చెక్ఇన్ టైము, ఈ మూడూ ముందే సరిచూసుకోకపోతే మాత్రం మిగిల్చామనుకున్నదంతా అక్కడే పోతుంది.

సంక్రాంతికి ముందు జనమంతా ఊళ్లకు వెళ్తుంటారు కాబట్టి హైదరాబాద్ వచ్చే బస్సుల్లో సీట్లు సులువుగా దొరుకుతాయి. అది చూసి టికెట్ తీస్తే తిరుగు ప్రయాణంలో ఆ జనంతోపాటే ఇరుక్కుంటారు. అప్పుడు ప్రైవేటు బస్సు ఛార్జీలు చుక్కలు చూపిస్తాయి, విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరతాయి. పండగ అయ్యాక ఇదంతా తిరగబడుతుంది. జనవరి 20 దాటాక, రిపబ్లిక్ డే సెలవులు కలిసే రోజులు తప్పించి, వారం మధ్యలో వెళ్లడం మేలు. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసేస్తారు. పైగా ఆ మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదు, చార్మినార్ దగ్గర కాలు పెట్టే సందుండదు. మీరున్న రోజుల్లో శుక్రవారం తప్పకపోతే ఆ పూట గోల్కొండకు పెట్టుకోండి.

టికెట్ మీద రైలు ఆఖరి స్టేషను ఏదో చూడండి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ అయితే ఇబ్బంది లేదు. ఇప్పుడు కొన్ని రైళ్లు చర్లపల్లి దాకానే. అది ఊరి అంచున ఉంటుంది, మెట్రో లేదు. తెల్లారకముందు అక్కడ దిగి నాంపల్లికి ఆటో మాట్లాడితే ఆ పూట టిఫిను, భోజనం డబ్బులు దానికే అయిపోతాయి.

ఇక గది. నుమాయిష్ కోసమే వెళ్తుంటే నాంపల్లి, లక్డీకాపూల్, అబిడ్స్ వైపు తీసుకోండి. గదికి డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగాల్సింది చెక్ఇన్ పద్ధతి. కొన్ని లాడ్జీల్లో మీరు దిగిన గంట నుంచి 24 గంటలు లెక్క. ఉదయం 6 గంటలకు దిగితే మర్నాడు 6 దాకా గది మీదే. ఆన్‌లైన్‌లో బుక్ చేసే హోటళ్లలో ఎక్కువగా మధ్యాహ్నం 12కి ఇచ్చి మర్నాడు 11కి ఖాళీ చేయమంటారు. తెల్లవారుజామున రైలు దిగి ఇలాంటి హోటల్‌కు వెళ్తే రెండే దారులు: రిసెప్షన్ సోఫాలో ఆరు గంటలు, లేదంటే ఎర్లీ చెక్ఇన్ పేరుతో సగం రోజు అద్దె. యాప్‌లో రెండు వందలు తక్కువ కనిపించిన గది చివరికి ఎక్కువ పడేది ఇలాగే.

ఇద్దరివీ ఒరిజినల్ గుర్తింపు కార్డులు కావాలి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ ఏదైనా సరే. పాన్ కార్డులో అడ్రస్ ఉండదు కాబట్టి ఒప్పుకోరు. పెళ్లికాని మేజర్లు ఒక గదిలో ఉండకూడదనే చట్టం ఏదీ లేదు. అయినా హోటల్‌వాళ్లు తమ నిబంధన చూపి కౌంటర్ దగ్గరే వెనక్కి పంపొచ్చు. హైదరాబాద్ అడ్రస్ ఉన్న కార్డుకు గది ఇవ్వని చోట్లూ ఉన్నాయి. ఈ రెండూ ముందే అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతమే. బిల్లులో 12 కనిపిస్తే ఎందుకని అడగండి. గూగుల్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు పంపిన క్యూఆర్‌కు అడ్వాన్సు కొట్టొద్దు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయాలి.

గదిలోకి వెళ్లగానే గడియ సరిగా పడుతోందా, బాత్‌రూమ్ కిటికీ మూసుకుంటోందా చూడండి. మంచానికి ఎదురుగా ఉన్న స్మోక్ డిటెక్టర్, సెట్‌టాప్ బాక్స్, అక్కర్లేని ప్లగ్ అడాప్టర్ మీద ఫోన్ టార్చి వేస్తే, దాచిన కెమెరా ఉంటే దాని లెన్సు చిన్న చుక్కలా మెరుస్తుంది.

సిటీ బస్సులో ఆడవాళ్లకు ఉచితమే కదా అనుకోవద్దు. మహాలక్ష్మి పథకం తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్లకే, ఆంధ్రా ఆధార్‌కు టికెట్ కొట్టాల్సిందే. నుమాయిష్‌కు మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగండి. సాయంత్రం తెరవగానే వెళ్తే దుకాణాలు నిదానంగా చూడొచ్చు. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ, ఫోన్ వెనక జేబులో ఉంటే పోయినట్టే. 2019 జనవరి 30న ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఏ గేటు ఎటుందో లోపలికి అడుగుపెట్టగానే గుర్తుపెట్టుకోండి. చివరి మెట్రో టైము కూడా అప్పుడే కనుక్కోండి.

ఫిబ్రవరి 14న పార్కుల్లో జంటల్ని ఆపి అల్లరి చేసేవాళ్లు ఉంటారు. ఎవరైనా వేధిస్తే వాదన పెట్టుకోకుండా 112కి ఫోన్ చేయండి.

తిండి దగ్గర పెద్ద చిక్కు లేదు. బిర్యానీ మొదట ఒక్కటే చెప్పండి, చాలా హోటళ్లలో ఇద్దరికి సరిపోతుంది. సర్వీస్ ఛార్జి ఇష్టముంటేనే ఇచ్చేది, తీసేయమంటే తీసేయాలి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనేటప్పుడు సైజు మీదే దృష్టి పెట్టాలి. రెండు నాలుగు సైజు అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. రెండు ఆరు సుమారు 60. లక్క గాజు సాగదు, పైగా మందం. బిగుతైనదాన్ని చేతికి తోస్తే అతుకు దగ్గర పగులుతుంది. వాడుతున్న గాజొకటి వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చండి. కౌంటర్ అద్దం మీద బోర్లా పెట్టి వేలితో నొక్కితే వంకరది ఊగుతుంది. రాళ్ల మీద గోరు నడిపి చూస్తే వదులుగా ఉన్నవి కదులుతాయి, డబ్బిచ్చేముందే అతికించమనండి. మొదట చెప్పిన ధరకు కొనొద్దు. మూడు కొట్లలో అడిగితే అసలు ధర దానంతటదే తెలుస్తుంది.

ముత్యాలకైతే చార్మినార్ దగ్గరే ఉన్న పత్తర్‌గట్టీ బజారుకు వెళ్లండి. ఆటో అతను తీసుకెళ్లే ‘ముత్యాల ఫ్యాక్టరీ’కి మాత్రం వద్దు, అతని కమీషన్ మీ బిల్లులోనే ఉంటుంది. ముత్యాన్ని మంట మీద పెట్టి కాలలేదని చూపిస్తారు, గాజుపూస కూడా కాలదు. రెండు ముత్యాల్ని మెల్లగా రాపాడిస్తే అసలువి సన్నని ఇసుకలా గరగరమంటాయి, ప్లాస్టిక్‌వి జారిపోతాయి. రంధ్రం అంచున టార్చి వేసి చూడండి, పైపూత పొట్టులా లేస్తే నకిలీ. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉండాలి. లేకపోతే దారం తెగినరోజు అన్నీ నేలపాలే. ఇక్కడ అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనాలో పెంచిన మంచినీటి ముత్యాలే, అదేం తప్పు కాదు. బిల్లులో మాత్రం కల్చర్డ్ (పెంచినవి) అని, బరువు ఎంతో రాయించుకోండి.

ఆఖరి రోజు గది ఖాళీ చేశాక సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే బ్యాగుకు తాళం, చేతిలో రైలు టికెట్ ఉండాలి. గాజుల డబ్బా బట్టల మధ్య సర్దండి. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే లక్క మెత్తబడి గాజు వంకరపోతుంది.