పాత 1911 పిస్టల్‌కి రెయిల్ గ్రిప్‌లు, మూడో పాఠం: విప్పడం, బిగించడం, సరిచూడటం

గత రెండు పాఠాల్లో పిస్టల్‌ని భాగాలుగా విడదీయడం, శుభ్రం చేయడం, మళ్లీ కూర్చడం చూశాం. ఇక అసలు పనికి వద్దాం. మామూలు 1911కి ముందు భాగం కింద, అంటే డస్ట్ కవర్ అనే చోట, ఫ్రేము నున్నగా ఉంటుంది, లైటు తగిలించడానికి ఏ ఏర్పాటూ ఉండదు. ఉండే అవకాశం కూడా లేదు, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్‌ని అమెరికా సైన్యం 1911లో తీసుకుంటే, ఇప్పుడు అందరూ వాడే పికటిన్నీ రెయిల్, అంటే లైటు లాంటివి తగిలించే గాళ్ల పట్టీ, సైనిక ప్రమాణంగా వచ్చింది 1995లో, అప్పటికి సైన్యం బెరెట్టా పిస్టల్‌కి మారి పదేళ్లయింది.

కాబట్టి పాత ఫ్రేముకి రెయిల్ కావాలంటే రెండు దారులు. డస్ట్ కవర్‌కి రంధ్రాలు పెట్టి రెయిల్ బిగించడం ఒకటి. పాత గ్రిప్ పలకలు, అంటే పిడికి రెండు పక్కలా ఉండే పలకలు, తీసేసి, వాటి స్థానంలో కూర్చుని అక్కడి నుంచి ముందుకు సాగి డస్ట్ కవర్‌ని రెండు వైపుల నుంచీ పట్టుకునే పాలిమర్ గ్రిప్‌లు వేయడం రెండోది. మొదటి దారి వద్దని నేను గట్టిగా చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో రెమింగ్టన్ ర్యాండ్, ఇథాకా లాంటి కంపెనీలు చేసిన పిస్టళ్లు ఇంకా జనం దగ్గర ఉన్నాయి, వాటికి ఒక్క రంధ్రం పెట్టినా సేకరణ విలువ పోతుంది, మళ్లీ రాదు. రెయిల్ గ్రిప్‌ల గొప్పతనమంతా ఒక్కటే: రేపు వద్దనుకుంటే తీసేయొచ్చు, పిస్టల్ ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. కింద చెప్పే జాగ్రత్తలు చాలావరకు దాన్ని కాపాడుకోవడానికే.

కొనేముందు మీది ఏ ఫ్రేమో చూసుకోండి. ఈ గ్రిప్‌లు సాధారణంగా 5 అంగుళాల బారెల్ ఉన్న పూర్తి సైజు పిస్టల్ కోసం చేస్తారు. 1911లోనే చిన్న సైజులైన కమాండర్, ఆఫీసర్స్ రకాలకి ఇవి సరిపోకపోవచ్చు: కమాండర్‌లో డస్ట్ కవర్ పొట్టి, ఆఫీసర్స్‌లో గ్రిప్ స్క్రూల మధ్య దూరమే తక్కువ. రెండు వైపులా సేఫ్టీ మీట ఉన్న పిస్టల్ అయితే ఇంకో మెలిక ఉంది, చాలా వాటిలో కుడి వైపు మీటని జారిపోకుండా పట్టి ఉంచేది కుడి గ్రిప్ పలకే. కొత్త గ్రిప్ ఆ పని చేస్తుందో లేదో తయారీదారు సూచనల్లో చదివాకే ముందుకెళ్లండి.

ఇప్పుడు పిస్టల్ ఖాళీ చేయడం. వరుస ముఖ్యం: ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, లాగాలి. తిరగేసి చేస్తే స్లైడ్ మూసుకున్నప్పుడు మ్యాగజైన్ నుంచి ఇంకో తూటా ఛాంబర్‌లోకి, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే చోటికి, ఎక్కుతుంది. సేఫ్టీ వేసి ఉంటే ఈ పిస్టల్‌లో స్లైడ్ కదలదు, కాబట్టి దించాల్సి వస్తుంది, ఆ క్షణంలో మూతి ఎటు ఉందో గమనించుకోండి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచండి. స్లైడ్ వెనక్కి నిలిపి ఛాంబర్‌ని కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టి రండి.

పాత గ్రిప్‌ల స్క్రూలు నాలుగు, పక్కకి రెండు. మామూలు స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది, గాడిలో పైపైనే కూర్చుని జారి ఫ్రేము మీద గీత పెడుతుంది. మొన పక్కలు సమాంతరంగా ఉండి గాడి నిండా కూర్చునే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాళ్ల) స్క్రూడ్రైవర్ వాడండి.

ఈ పనిలో ఎక్కువ మందికి చిక్కొచ్చే చోటు ఇదే. ఆ స్క్రూలు నేరుగా ఫ్రేములోకి వెళ్లవు, ఫ్రేములో బిగించిన చిన్న బుషింగ్‌లలోకి, అంటే లోపలా బయటా మరలున్న చిన్న గొట్టాల్లోకి, వెళ్తాయి. ఏళ్ల తరబడి కదలని స్క్రూని తిప్పితే దాంతో పాటు బుషింగ్ కూడా ఊడి రావచ్చు. వస్తే కంగారు వద్దు. మరలు శుభ్రం చేసి, బుషింగ్ బయటి మరకి ఒక్క చుక్క థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) పెట్టి, ముందు వేళ్లతోనే తిప్పండి. ఈ మర చాలా సన్నం, అంగుళానికి 60 చుట్లు. వంకరగా పట్టిందని కొంచెం అనిపించినా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి, బలవంతం చేస్తే ఫ్రేములోని మర పోతుంది, అల్యూమినియం ఫ్రేమైతే మరీ తొందరగా. థ్రెడ్‌లాకర్ లోపలికి కారితే బుషింగ్, స్క్రూ మళ్లీ అతుక్కుంటాయి, అందుకే బయటి మరకే, అదీ ఒక్క చుక్కే. ఊడని స్క్రూ అయితే గాడి చెడగొట్టకుండా, తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి.

పలకలు వచ్చాక ఎడమ వైపు చూడండి. సేఫ్టీకి, స్లైడ్‌ని వెనక నిలిపే స్లైడ్ స్టాప్ మీటకి మధ్య సన్నటి గొట్టం కనిపిస్తుంది, అది ప్లంజర్ ట్యూబ్. దాన్ని కింది నుంచి ఆనించి పట్టుకునేది ఎడమ గ్రిప్ పలక పై అంచు. ఆ ఆసరా లేక ట్యూబ్ వదులైతే సేఫ్టీ కిందికి దిగకుండా అడ్డుపడొచ్చు. వేలితో కదిపి చూడండి, కదిలితే గ్రిప్ సంగతి పక్కన పెట్టి ముందు గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. కొత్త గ్రిప్ అంచు కూడా ట్యూబ్‌కి ఆనుతోందో లేదో చూడాలి.

ఫ్రేముని పొడి గుడ్డతో తుడిచి పల్చగా నూనె రాయండి. కొత్త గ్రిప్ రెండు సగాలూ స్క్రూలు లేకుండా పెట్టి చూడండి, ఎక్కడైనా ఎత్తుగా నిలబడితే అక్కడ ఇమడలేదని అర్థం, స్క్రూతో లాగి కూర్చోబెట్టకండి. కుదిరాక ముందు భాగంలో రెండు సగాలనీ కలిపే అడ్డ స్క్రూలు, తర్వాత గ్రిప్ స్క్రూలు వేలి బిగువు వరకు వేసి, అప్పుడు ఒక్కోదాన్ని కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించండి. తల ఆనిందంటే చాలు, పాలిమర్ కాబట్టి అంతకు మించితే పగులుతుంది.

ఖాళీ పిస్టల్‌తోనే సరిచూడండి. స్లైడ్ నెమ్మదిగా లాగి వదిలితే గ్రిప్‌కి రాసుకోకూడదు. బటన్ నొక్కితే ఖాళీ మ్యాగజైన్ జారిపడాలి. స్లైడ్ స్టాప్, సేఫ్టీ పూర్తిగా కదలాలి. హ్యామర్ ఎక్కించి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగితే హ్యామర్ పడకూడదు. సేఫ్టీ దించి, వెనకున్న గ్రిప్ సేఫ్టీ నొక్కకుండా ట్రిగ్గర్ లాగినా పడకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా పాత పలకలు మళ్లీ వేసేయండి.

రెండు మూడు మ్యాగజైన్లు కాల్చాక స్క్రూలు మళ్లీ చూడండి, తల మీద, పక్కన కలిపి పెయింట్ పెన్‌తో సన్న గీత గీసి ఉంచితే వదులైందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. అప్పుడప్పుడు గ్రిప్‌లు విప్పి తుడవడం మానొద్దు, లోపల చిక్కుకున్న చెమట నల్లటి పూత ఉన్న పాత ఉక్కుని తుప్పు పట్టిస్తుంది, ఇసుక చేరితే పూత గీరుకుపోతుంది.

రెయిల్ వచ్చింది కదా అని ఏది పడితే అది తగిలించకండి. లైటుకి బాగుంటుంది, లేజర్‌కి అంత నమ్మకం లేదు, పాలిమర్ కొంచెం కదిలినా గురి మారుతుంది. ఇక రెయిల్ కింద తగిలించే నిలువు పిడి, అంటే రెండో చేత్తో పట్టుకునేది. అమెరికాలో పిస్టల్‌కి నిలువు పిడి పెడితే 1934 నాటి జాతీయ ఆయుధ చట్టం కింద అది వేరే వర్గం ఆయుధం అవుతుందని అక్కడి ఆయుధ చట్టాలు అమలు చేసే సంస్థ ఏటీఎఫ్ వైఖరి, ముందస్తు ఆమోదం లేకుండా పెడితే నేరం. ఇంకో దేశంలో ఉంటే, ఈ గ్రిప్‌లకైనా అనుమతి ఉందో లేదో లైసెన్స్ నిబంధనల్లో చూసుకోండి.

తీసిన పలకలు, నాలుగు స్క్రూలు ఒకే సంచిలో వేసి సీరియల్ నంబరు రాసి దాచండి. పాత తోలు హోల్‌స్టర్‌లో (నడుముకి కట్టుకునే పిస్టల్ ఒరలో) ఈ పిస్టల్ ఇక పట్టదు, నొక్కి కూర్చోబెట్టాలని చూడకండి, ముడుచుకున్న తోలు ట్రిగ్గర్ గార్డులోకి దూరితే ప్రమాదం. లైటు బరువు, దాని మీట వేలికి అందడం, వాటికి తగ్గ హోల్‌స్టర్ సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.