సైకిల్‌కి గాలి కొట్టే ముందు

ముందు వాల్వు చూడండి, తర్వాతే పంపు తీయండి.

– లావుగా, కారు టైరుకున్నట్టే ఉంటే ష్రేడర్ రకం, వ్యాసం 8 మి.మీ. సన్నగా, కొసన చిన్న నట్టుతో ఉంటే ప్రెస్టా, 6 మి.మీ. కింద లావు, పైన సన్నం అయితే డన్‌లప్. దీనికి చాలావరకు ప్రెస్టా పంపు తలే సరిపోతుంది.

– ప్రెస్టా అయితే ఆ నట్టు వదులు చేసి, పిన్నును వేలితో ఒక్కసారి నొక్కండి. ‘తుస్స్’మనాలి. టైరులో గాలి ఉండీ అనకపోతే పిన్ను అతుక్కుపోయినట్టే, ఎంత కొట్టినా ఎక్కదు. పిన్ను మహా సుకుమారం. పంపు తలను వంకరగా లాగి నేనూ ఒకటి వంచేశాను.

– వాల్వుకి వేరే రకం పంపు పట్టేలా అడాప్టర్ (మధ్యలో బిగించే చిన్న ముక్క) పెడితే దాని లోపల రబ్బరు వాషరుందో లేదో చూసుకోండి.

– టైరు పక్కన అచ్చేసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటొద్దు. కంప్రెసర్‌తో అయితే కొంచెం కొంచెంగానే. సైకిల్ ట్యూబు క్షణాల్లో పేలుతుంది.