జలుబు మాత్ర వేసుకున్నారా? బండి తీసే ముందు ఒక్క మాట

బెంగళూరు గాలి పడక తుమ్ములు మొదలైతే మనవాళ్లు చాలామంది రాత్రి ఒక మాత్ర వేసుకుని, పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరతారు. నేనూ అలాగే వెళ్లేదాన్ని. ఒకరోజు సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడిందని కూడా నాకు తెలియలేదు. వెనకవాళ్ల హారన్లకు ఉలిక్కిపడ్డాను. నిద్రమత్తు అనిపించనే లేదు, చూపు మాత్రం ఒకచోటే ఆగిపోయింది. అదే నాకు భయం వేసింది.

స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. క్లోర్‌ఫెనిరమైన్ అని ఉంటే దాని మత్తు మర్నాటి దాకా ఉండొచ్చు. సెట్రిజిన్ కూడా కొందరికి మగత తెస్తుంది. మద్యంతో కలిస్తే ఇంకా ఎక్కువ. నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్, ఆందోళనకిచ్చే ఆల్ప్రాజొలామ్‌తో మరీ జాగ్రత్త.

డాక్టర్‌తో "రోజూ బండి నడుపుతానండీ" అని ముందే చెప్పండి, మత్తు తక్కువుండే ఫెక్సోఫెనడిన్ లాంటిది కుదురుతుందేమో చూస్తారు. మీ అంతట మీరు మాత్ర మానేయకండి. కొత్త మందు మొదటి డోసు శనివారం రాత్రి వేసుకుంటే ఆదివారం ఇంట్లోనే తెలిసిపోతుంది. తల బరువుగా ఉన్న రోజున ఎలక్ట్రానిక్ సిటీ వెళ్లేవాళ్లకు ఇప్పుడు ఎల్లో లైన్ మెట్రో ఉంది.